అమ్మ కుట్టిన బొంత

"ముట్టుకోకూడదు బావగారూ!" మరదలు గాభరాగా దర్జీని ఆపింది.

పరాయి దేశపు గ్యాలరీలో, తెల్లటి గోడ మీద, మూడు ముక్కలుగా కోసి చట్రాలకు బిగించిన బొంత. మీద నల్లరంగు పులిమారు. అయినా అమ్మ ఎడమచేతి కుట్టు దర్జీ కంటికి దాగలేదు.

"కప్పుకుంటే అమ్మ పక్కనున్నట్టే ఉంటుందన్నయ్యా" అని తమ్ముడు దర్జీని బతిమాలి తెచ్చుకున్నది.

"ఇదేనామ్మా వాడు కప్పుకునేది?"

"ఇది ఆర్ట్ బావగారూ. మీ తమ్ముడి ప్రదర్శన మొత్తంలో దీనికే పేరొచ్చింది."

పోనీలే, అమ్మ గోడెక్కి కూర్చుందనుకుందాం అని సరిపెట్టుకోబోయాడు దర్జీ. అవతల తమ్ముడు చేతులు తిప్పుతూ జనానికి ఏదో చెబుతున్నాడు. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు.

"అమ్మ గురించేనా?"

మరదలు గొంతు తగ్గించింది. "చెత్తకుండీలో దొరికిందని చెబుతున్నారు. అలా అంటేనే ఇక్కడివాళ్లకి నచ్చుతుందట."

దర్జీ వెళ్లి బొంతకి అడ్డంగా నిలబడ్డాడు. ఒక పెద్దాయన అతన్ని చూపించి తమ్ముణ్ణి ఏదో అడిగాడు. తమ్ముడు నేలచూపులు చూశాడు.

"ఏమంటున్నాడమ్మా ఆయన?"

"మీరెవరని అడుగుతున్నారు."

"ఆ చెత్తకుండీ నేనేనని చెప్పు."