ముద్రకు చోటు

ఇపోయ్ నదికి ఇటు హంగరీ, అటు స్లొవాకియా. రెండు దేశాల ఉమ్మడి నిధుల ఆఫీసులో, అటువైపు అధికారి ఓండ్రెయ్, గసగసాలు పెట్టి చేసిన రొట్టె కోసి పంచుతున్నాడు.

“ఇక అన్ని పథకాలకూ ఒకటే ఫారం, పిరోష్కా గారూ! ఊరి ఆఫీసు గుండ్రటి ముద్ర గొడవే లేదు. ఏడేళ్ల చాకిరీ ఫలించింది!”

ఇటువైపు ఊరి గుమస్తా పిరోష్కా రొట్టె ముట్టుకోలేదు. “మా వంతెన దరఖాస్తు ముద్ర లేదనేగా తిప్పికొట్టారు? మీ పాత ఫారంలోనేమో దానికి చోటే లేదాయె.”

“అప్పటి రూలు అదండీ. మళ్లీ పెట్టండి. నదిమీద వంతెన కడితే మా అంబులెన్సు ఐదు నిమిషాల్లో మీ ఊళ్లో ఉంటుంది.”

“మొన్న చలికాలం నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి వచ్చింది.” ఆమె సంచిలోంచి ముద్ర తీసి బల్లమీద పెట్టింది. “మా ఆయన మరణ ధ్రువపత్రంలో మాత్రం దీనికి చోటుంది. నేనే వేశాను.”