ఐదు మొహాలు

యామిని బొటనవేలు ఏడుపు మొహం మీద ఎంత గట్టిగా దిగిందంటే, ఫోన్ అద్దం పగలకపోవడమే విచిత్రం.

శుక్రవారం, ఉదయం పది. ఇళ్లలో కూర్చుని పనిచేసే ఉద్యోగులందరికీ బెంగళూరు ఆఫీసు నుంచి ఠంచనుగా సర్వే వచ్చేస్తుంది. ఒకటే ప్రశ్న: ‘ఈ వారం పని ఎలా సాగింది?’ కింద ఐదు మొహాలు, భోరుమని ఏడ్చే దాని నుంచి పళ్లన్నీ బయటపెట్టి నవ్వే దాని దాకా. ఏది నొక్కితే అది తెరంతా పెద్దదై కూర్చుంటుంది, మిగతావి అడుగున వరసగా ఉంటాయి. ‘సాయంత్రం ఆరు వరకు జవాబు మార్చుకోవచ్చు’ అని ఒక ఉచిత సలహా. ఆరు కాగానే సర్వే దానంతటదే మాయం.

సాయంత్రానికి మార్చుకోవడానికి ఏముంటుంది, ఆలోపు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కి బుద్ధొస్తుందా అనుకుంది యామిని.

ఆళ్లగడ్డలో ఇంటి ముందు గదే వాళ్ల కిరాణా కొట్టు. కొట్టులో డబ్బులకు స్కాన్ చేసే చీటీ యామిని నంబరు మీదే ఉంది కాబట్టి, పగలంతా ఆమె ఫోన్ గల్లాపెట్టె పక్కనే ఉండాలి. తాళం ఉండకూడదు, తెర ఆరకూడదు. అది వాళ్లమ్మ భ్రమరాంబ పెట్టిన రూలు. యామిని లోపలి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, బీమా క్లెయిములు రాలేదని తిట్టేవాళ్లకు ఓపిగ్గా జవాబులు టైపు చేస్తుంటుంది. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుంది. నెట్ పోతుంది. అవతల తిట్టేవాళ్లు తిట్టు మధ్యలో ఆగిపోతారు.

అలా ఆగినందుకు ఇప్పటికే రెండు హెచ్చరికలు. రెండోది వచ్చిందీ ఒక శుక్రవారమే. ఆ రోజు కళ్లొత్తుకుంటూ బయటికొస్తే, గడపకు పసుపు రాస్తున్న భ్రమరాంబ తలెత్తి చూసి, ముందు పోయి మొహం కడుక్కుని బొట్టు పెట్టుకొమ్మంది. ఏమైందని తర్వాత అడిగింది.

మూడో హెచ్చరిక వస్తే ఉద్యోగం పోయినట్టే. దారి ఒకటే, ఇన్వర్టర్. సర్వేలో ఎవరు ఇబ్బంది పడుతున్నారని తేలితే వాళ్లకు కంపెనీయే ఇన్వర్టర్ పంపుతుందట. అందుకే యామిని ఏడు వారాలుగా నిజాయితీగా ఏడుస్తోంది. ఏడిచి, ఫోన్ కొట్టులో పెట్టి, పనిలోకి పోతుంది. సాయంత్రం తెర మీద పసుపు మరకలుంటే చున్నీతో తుడుచుకుంటుంది.

మొదటి విడత ఇన్వర్టర్లు వచ్చాయి. ఒకటి నంద్యాలలో ఉండే తోటి ఉద్యోగి శశిధర్‌కి.

“నెట్ కొంచెం స్లో ఉండాదని ఒక్కసారి ఏడుపు మొహం నొక్కినా, అంతే,” అన్నాడు ఫోన్లో. “మా ఈదిలో కరెంటు యాడ పోతాది? దాని మీద మా అవ్వ టీవీ పెట్టుకునింది.”

యామినికి వచ్చింది ఇన్వర్టర్ కాదు, సర్టిఫికెట్. ‘అత్యంత సంతోషంగా పనిచేస్తున్న ఉద్యోగి’. పైగా, ఇంటి నుంచి ఇంత ఆనందంగా ఎలా పనిచేయాలో తోటివారికి పది నిమిషాలు చెప్పమని ఒక కబురు.

మొన్న సోమవారం సెలవు పెట్టి నంద్యాల బస్సెక్కింది. నెలకోసారి అక్కడికి వచ్చే హెచ్.ఆర్. మేడమ్ ప్రియదర్శిని ముందు ఆ సర్టిఫికెట్ పెట్టి, ఇది వెక్కిరింపా అని అడిగింది.

ప్రియదర్శిని నెమ్మదిగానే లాప్‌టాప్ తిప్పి చూపించింది. ఏడు శుక్రవారాలు, ఏడు నవ్వులు.

“మేడమ్, నేను ఏడిసినా. ఏడు వారాలూ ఏడిసినా.”

“నా ముందున్నది ఇదమ్మా. దీన్ని కాదని నేను రాయలేను.”

“మీరే మార్చుకుని మీరే చూపిస్తాండారు. ఇన్వర్టర్ తప్పించుకునేదానికి ఇంత పనా?”

ఆమె నొచ్చుకుంది కానీ కసరలేదు. ఈ శుక్రవారం ఆరింటికి చివరి జాబితా వేస్తారనీ, ఈ ఒక్కసారి ఏడుపు మొహం వస్తే చాలనీ, పేరు తానే స్వయంగా చేరుస్తాననీ చెప్పింది.

అందుకే ఈ రోజు ఆ బొటనవేలికి అంత బలం. నొక్కింది. తెరంతా ఏడుపు. దాన్ని ఫొటో తీసి తన లాప్‌టాప్‌కి పంపుకుంది, సాక్ష్యానికి. ఫోన్ గల్లాపెట్టె పక్కన పెట్టి లోపలికి పోయింది. రెండింటికి కరెంటు పోయింది, అయిదింటికి వచ్చింది. ఆరూ అయిదుకి జాబితా వచ్చింది.

పైనుంచి కిందికి చూసింది. కిందినుంచి పైకి చూసింది. తన పేరు లేదు.

యామిని లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని టైపు చేసింది. ‘మా జవాబులు మార్చేస్తున్నారు. ఇదిగో సాక్ష్యం. ఏడ్చేవాళ్లను నవ్వుతున్నట్టు చూపించే చోట నేను పనిచేయను.’ ఫొటో జతచేసి, ఆ రాజీనామాను ప్రియదర్శిని నుంచి పై అధికారుల దాకా కంపెనీలో ఒక్కరినీ వదలకుండా పంపింది. ఏడు వారాల్లో మొదటిసారి ఊపిరి తేలికగా ఆడింది.

కొట్టులోకి వచ్చింది. భ్రమరాంబ దీపం వెలిగించి, పసుపు చేతులతోనే ఎవరికో కందిపప్పు తూస్తోంది. యామిని ఫోన్ తీసుకుని, అలవాటుగా తెర మీది పసుపు మరకను చున్నీతో తుడిచింది.

“ఉద్యోగం మానేసినా మా,” అంది. “నేను ఏడుపు మొహం నొక్కితే వాళ్లు నవ్వే మొహం చేస్తాండారు. దొంగనాయాళ్లు.”

తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగి, భ్రమరాంబ పొట్లానికి దారం చుట్టింది.

“శుక్రవారం పూట ఏడ్సే మొహమేందని నేనే నవ్వేదాన్ని నొక్కినాలే.”