క భాష

"లైసెన్సు ఇచ్చింది మామూలు భాషల మాట్లాడనీకి, జయరాజు గారూ. రహస్య భాష బంద్. ఆ రూల్ యాదికి లేదా?"

వైర్‌లెస్ ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు బల్లమీద ఉన్న, దూరంలోని వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో వైర్లు పీకేస్తున్నాడు. జయరాజుకు ప్రాణం పోతున్నట్టుంది.

"రహస్యం కాదు సార్! చిన్నపిల్లల క భాష. ప్రతి అక్షరానికి ముందల క పెట్టుడే. ఇంటికి రా అంటే, కఇం కటి కకి కరా. గంతే!"

"పిల్లలాటకు రేడియోనా? అసలే రోజులు మంచిగ లేవు."

"తమ్ముని కోసం సార్. ఇమ్మానుయేలు. నాతోపాటే లైసెన్సు తీసుకున్నడు. నాయిన పోయినంక నామీద అలిగి, వాని సెట్టు వాడు సంకల పెట్టుకొని పోయిండు. ఏ ఊర్ల ఉన్నడో తెల్వది. చిన్నప్పుడు ఎంత అలిగినా ఈ భాషల పిలిస్తే నవ్వి పలికేటోడు."

పక్క గదిలోంచి తల్లి లిదియమ్మ దగ్గు వినిపించింది.

"చిన్నోడు పలికిండా బిడ్డా?"

"ఇంకా లేదమ్మా."

దవాఖానాలో ఆశ వదులుకొమ్మన్నారు. ఇక చేసేదేముంది? చిన్నకొడుకును ఒక్కసారి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. తమ్ముడు వెళ్లిపోయాకే కాజీపేట రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి ఈ మడికొండ అద్దింటికి వచ్చారు. అప్పటినుంచీ జయరాజు రోజూ పొద్దున్నే ఇంటికి రమ్మని క భాషలో పిలుస్తూనే ఉన్నాడు. సెట్టు పంపడం బాగానే పంపుతుంది గానీ, వినడంలోనే మొద్దుబారింది. అంతా లోపలి పాడు వాల్వు వల్లే! వరంగల్ అంతా తిరిగినా అలాంటిది దొరకలేదు. చెవులకు గరగర తప్ప ఏమీ తగలదు.

"జర దయ చూడుండ్రి సార్. అమ్మ ఉన్నన్ని రోజులన్న..." జయరాజు చేతులు జోడించాడు.

"నా చేతుల ఏం లేదయ్యా."

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. అయినా సెట్టును గోనెగుడ్డలో చుట్టి లక్క సీలు వేశాడు. బయట జీపులో పెట్టించి, మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఒక్కటి నిజం చెప్పుండ్రి. ఈ పనిల మీతోని ఇంకెవరున్నరు?"

"ఎవ్వరు లేరు సార్, ప్రభువు తోడు! నేనొక్కన్నే పిలుస్త. ఇయ్యాల్టిదాంక ఒక్కరు పలుకలే."

"అబద్ధమెందుకు? రేడియో మాటలు కనిపెట్టే మా స్టేషన్ల నేనే చెవులార విన్న. రెండు గొంతులు."

విన్నదాన్ని నోట్లోనే గొణుక్కుంటూ, ఒక్కొక్క క తీసేసి చూసుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు పిలిచినప్పుడల్ల 'ఏ ఇంటికి?' అని అడుగుతాంది మరెవరు?"