ఆరేసిన జెర్సీ

కాలేజీలో వాలీబాల్ కోచ్ పని వదిలేసి ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పడానికి, పిల్లల్ని ఆడించడానికి చేరాడు. భార్యకు తల కొట్టేసినట్టయింది. వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆయన తొడుక్కోవడం మానేసిన కాలేజీ జెర్సీని ప్రతి ఆదివారం ఉతికి, కాలేజీ పేరు వీధికి కనబడేలా ఆరేస్తోంది.

ఈ ఆదివారం పక్కింటి పెద్దావిడ గోడ దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, వాడని బట్టని అన్నిసార్లు ఎందుకే ఉతుకుతావు? రంగు వెలిసిపోయింది చూడు."

"వాడకపోవడమేంటి పిన్నిగారూ? రోజూ కాలేజీకి వేసుకెళ్తారుగా," అంది, మనసులో దేవుడికి దండం పెట్టుకుంటూ.

"చాల్లేవే. మా మనవరాలికి లెక్కలు చెప్పేది మీ ఆయనేగా. ఆ గడుగ్గాయి ఇప్పుడు బడంటే ఎగిరి గంతేస్తోంది."

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"చేరిన రోజే మిఠాయి పట్టుకుని ఇంటింటికీ వచ్చాడుగా, ఎంత సంబరమో. పోయిన నెల మళ్లీ వచ్చాడు. ‘మా ఆవిడ కాలేజీ అంటే మీరూ అవునని అనండి, లేకపోతే చిన్నబోతుంది’ అని చేతులు పట్టుకుని బతిమాలాడు. వీధంతా ఒప్పుకున్నాం. నా నోట్లోనే నువ్వుగింజ నానదు."

లోపల ఆయన భార్య కోసం టీ కాస్తున్నాడు. గుమ్మం దాటడానికి ఆమెకు కాళ్లు రాలేదు.