అడ్డగాలి

“ఆపమ్మా ఆ ఆట!”

దొరస్వామి కేకకు అందరూ వెనక్కి తిరిగారు.

అద్దాల వెనక, బొమ్మ వంతెన మీద మూరెడు బస్సు గాలికి మళ్లీ పక్కకు పడింది. ఎవరో నవ్వుతూ చప్పట్లు కొట్టారు. తిరుపతిలోని ఆ యూనివర్సిటీలో పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకు విండ్ టన్నెల్ చూపిస్తున్నారు. పెద్ద ఫ్యాను సొరంగంలాంటి గొట్టంలోకి గాలి తోస్తుంది; ఆ గాలికి ఏది నిలుస్తుందో, ఏది పడుతుందో చూస్తారు. చూపిస్తున్నది కోమలి, అక్కడే రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి.

“నాయనా, ఊరుకో,” కూతురు సుజన ఆయన చొక్కా పట్టి లాగింది.

“ఊరుకునేదేంది? ఆ రంగు సూడు, ఆ వంతెన సూడు. నాయుడుపేట కాడ బోల్తా పడిన బస్సే గదమ్మా అది?”

“అవును సార్. తుపాను రోజు...” కోమలి చెప్పబోయింది.

“తుపాను మాటెందుకులే! డ్రైవరు నిద్రపోయినాడని చెప్పు. లోకమంతా చెప్పిందదే గదా. ఆ డ్రైవర్ని నేనే!”

నవ్వులు ఆగిపోయాయి. సుజన తల వంచుకుంది.

“ఆ బస్సులో మనుషులు చచ్చినారప్పా! మీకు చప్పట్లా?” దొరస్వామి వాళ్లవైపు తిరిగాడు. “గాలి అడ్డంగా కొట్టింది, రెండు చేతులా స్టీరింగ్ పట్టినా ఆగలేదని మొత్తుకున్నా. పోలీసోళ్లు ఇనలేదు. ఓనరు ఇనలేదు. లైసెన్సు పీకేసినారు. ఇప్పుడు మీరు బొమ్మ చేసి ఆడుకుంటా ఉండారా?”

కోమలి ఫ్యాను ఆపి, అద్దం తలుపు తెరిచి, బస్సును లేపి నిలబెట్టింది. మూతిని కాస్త గాలివైపు తిప్పి ఫ్యాను వేసింది. బస్సు పడింది. ఇంకాస్త తిప్పింది. మళ్లీ పడింది. చప్పట్లు కొట్టినవాళ్లు ఇప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

“ఆ వంతెన మీద ఆ గాలికి ఈ బస్సు నిలవదు సార్, ఎవరు నడిపినా. ఎన్నిసార్లు చేసినా ఇదే. మీ తప్పేం లేదు.”

సుజన తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు. ఆ మాటతో చల్లారాల్సిన కోపం ఇంకా భగ్గుమంది.

“ఇప్పుడా చెప్పేది? ఊర్లో తలెత్తుకోలేక ఇన్నేండ్లు చస్తా ఉంటే ఒక్కరన్నా రాలేదే! ఇప్పుడెవురు అడిగినారు నిన్ను? ఎవురి కోసం చేసినావమ్మా ఇదంతా?”

కోమలి ఫ్యాను ఆపింది. పడి ఉన్న బస్సునే చూస్తూ మెల్లగా అంది.

“నాకోసమే సార్. ఆ బస్సులో మా నాయన పోయినాడు. మీరే చంపినారని రుజువు చేద్దామని మొదలుపెట్టినా.”