ఉత్తుత్తి గంట

"కిందికి ఒక్కరు కూడా దిగడానికి వీల్లేదు" అంటూ టీచరు టైలరమ్మ నడుం పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

కొండ కింద వీధుల్లేవు. కట్ట తెగి ఎర్ర నీళ్లు ఊరంతా కమ్మేశాయి. బడి మేడ మీది పిట్టగోడ ఒక్కటే గీతలా కనబడుతోంది.

"వదలండి టీచరమ్మా. నా బిడ్డ కనబడట్లేదు."

"అందరూ వరసలో ఎక్కారు. ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

"నా నోరే నన్ను కొట్టింది. వరదొస్తే కొండెక్కే ప్రతి డ్రిల్లుకీ ఒక పిల్ల దాక్కోవాలి, పెద్దపిల్లలు వెతికి తేవాలి అన్నారు మీరు. ఉత్తుత్తికైనా నా బిడ్డను పోయిందనొద్దు, అంత సరదాగా ఉంటే మీ కూతుర్నే దాచుకోండి అన్నాను. మిగతా తల్లుల్ని ఎగదోసిందీ నేనే."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

అవతల బస్సు డ్రైవరు తన రెయిన్‌కోటు ఎత్తి పట్టుకున్నాడు. కింద ముగ్గురు పిల్లలు ముడుచుకుని ఉన్నారు.

"ఇదిగో, ఈ కోడిపిల్ల నీదేనా చూసుకో."

టైలరమ్మ పరుగెత్తింది. "పిలుస్తుంటే పలకవేం, చచ్చినదానా" అని వీపు మీద ఒక్కటి వేసి, ఆ వీపునే వాటేసుకుని ఏడ్చింది.

డ్రైవరు టీచరు దగ్గరికొచ్చాడు. "మీ గంట మోగితే మా కోళ్లు కూడా కొండెక్కుతున్నాయని నవ్వినవాణ్ణి నేను. ఇవాళ పిల్లలు మిగిలారంటే ఆ గంట వల్లే టీచరమ్మా."

"నేను నేర్పింది ఒక్కటే. గంట మోగితే నిజమా, ఉత్తుత్తా అని అడక్కూడదు. అడుగుతూ నిలబడితే అంతే సంగతులు."

పొద్దున్నుంచి ఆమె మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. గంట కొట్టింది ఆమే. ఈసారి వెతికే ఆట లేదు, నేరుగా పైకి పొమ్మని పెద్దపిల్లల్ని తరిమిందీ ఆమే. చెరో చంకన ఒక పసివాణ్ణి ఎత్తుకుని అందరి వెనక ఎక్కింది. ఇప్పుడు చీర కొంగు పిండుకుంటూ పెద్దపిల్లల వైపు చూసింది. ఒక్కొక్క మొహమే చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"మా పాప ఏదర్రా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టైలరమ్మ కూతురు తల్లి కొంగు చాటు నుంచి మెల్లగా అంది. "బడి మెట్ల కింద గదిలోకి వెళ్లింది టీచర్. ఇవాళ నిజం గంటేమోనే, రావే అన్నాను. 'అలా అడక్కూడదే, నువ్వు పో. ఎప్పట్లాగే వెతుక్కుంటూ వస్తారుగా' అంది."