అత్తగారి పక్షం

"మధ్య పువ్వు మళ్లీ వంకర పోయింది" అన్నాడు ఉస్తాద్ నాదెర్, మగ్గం ముందు నిలబడి. కార్ఖానా ఆయనదే.

బల్ల మీద పక్కపక్కనే కూర్చున్న గొల్నార్, మాహ్రుఖ్ తలెత్తలేదు.

మా కాషాన్ ఊళ్లో పెద్ద తివాచీ ఇద్దరు నేస్తారు. పువ్వులో కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఇంకొకరిది. "రెండు ఎరుపు, ఒకటి నీలం" అని ఒకరు పలకాలి, రెండోవారు అందుకోవాలి.

మాహ్రుఖ్ తమ్ముడు గొల్నార్ చెల్లెలితో కుదిరిన పెళ్లి తప్పించుకున్నాడు. అప్పట్నుంచీ వీళ్లది ఎడమొహం పెడమొహం. రెండేళ్లు! నోరు కలవకుండా పువ్వు ఎలా కలుస్తుంది?

"ఇదీ పాడైతే మగ్గం విప్పేస్తా. ఇద్దరూ ఇంటికే" అన్నాడు ఉస్తాద్.

ఇద్దరిళ్లలోనూ పొయ్యి వెలిగేది ఆ మగ్గం వల్లే.

ఆ వారమే ఉన్ని దారం చుట్టడానికి తూబా ఖానుమ్ కొత్తగా చేరింది. అరవై దాటిన మనిషి, అందుకే అందరూ మర్యాదగా 'ఖానుమ్' అనేవారు. పదిగంటల టీ వేళ సంచిలోంచి పాత నవల తీసి పైకి చదివేది.

రెండోరోజే నవల్లో అత్తగారు కోడల్ని చంటిపిల్లతో సహా చలిలోకి గెంటేసింది.

"మంచి పని చేసింది. కోడలికి నోరెక్కువ" అంది తూబా ఖానుమ్.

గొల్నార్ భగ్గుమంది. "అదేం మాట ఖానుమ్? పసిపిల్ల ఏం పాపం చేసింది?"

"అత్తన్నాక ఆమాత్రం ఉండాలి."

"ఆమాత్రమా! గొల్నార్ అన్నదాంట్లో తప్పేముంది?" అనేసి నాలుక కరుచుకుంది మాహ్రుఖ్.

రెండేళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట వచ్చింది.

మర్నాడు, నవల్లో పెళ్లాన్ని వెతకని ఆ అత్త కొడుకునీ వెనకేసుకొచ్చింది ముసలామె. ఇక ఆగలేక ఇద్దరూ మగ్గం దగ్గరే మంతనాలు మొదలుపెట్టారు.

"వెతకడానికి వాడికి కాళ్లు లేవా అని అడుగు రేపు."

"అడుగుతాలే. ముందు రెండు నీలం వెయ్యి."

ఒకరోజు మాహ్రుఖ్ చెయ్యి ఆగిపోయింది.

"మా తమ్ముడూ ఆ కొడుకులాంటి వాడేనే, గొల్నార్. ఈ మాట ఎప్పుడో అనాల్సింది."

గొల్నార్ కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడన్నావుగా. మూడు ఎరుపు."

పువ్వు ఎంత చక్కగా కుదిరిందంటే, ఉస్తాద్ దీపం తెచ్చి మరీ చూసుకున్నాడు.

తివాచీ కోసి దించినరోజు మిఠాయి పంచారు.

"రాతిగుండె అత్తకి మిఠాయెందుకే!" అని తూబా ఖానుమ్‌ని దాటించి పళ్లెం పక్కకి జరిపేసింది గొల్నార్.

అందరూ నవ్వారు. తూబా ఖానుమ్ కూడా నవ్వింది.

నెల తిరక్కుండానే ఆమె జబ్బు చేసి పోయింది.

సామాన్లు తీసుకెళ్లడానికి కూతురు వచ్చింది. వస్తూనే ఆ ఇద్దరి చేతులూ పట్టుకుంది.

"గొల్నార్, మాహ్రుఖ్ మీరే కదూ? 'ఇవాళ ఇద్దరూ ఒక్కటై నన్ను దులిపేశారే' అని రోజూ ఎంత సంబరపడేదో అమ్మ!"

గొల్నార్ తెల్లబోయింది. "సంబరమా? మేము తిట్టిందంతా ఆ అత్తని వెనకేసుకొచ్చినందుకేగా. ఖానుమ్‌కి అత్తలంటే అంత అభిమానం ఎందుకమ్మా?"

"అభిమానమా!" అంది కూతురు మెల్లగా. "మూడు నెలల పిల్లని నేను. నన్ను చంకనేసుకుని, ఆ నవల్లో లాంటి చలిలోనే, అత్త గెంటేస్తే గుమ్మం దిగింది మా అమ్మ."